కేజీ రాయి

మా ఆఫీసు గోడకి ఒక పెద్ద టీవీ ఉండేది. అందులో వార్తలూ సినిమాలూ రావు, జిల్లా వచ్చేది. ఒక్కో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఒక్కో గడి. పచ్చ, పసుపు, ఎరుపు. పెద్దసారు లోపలికి వస్తూనే దాని వంక ఓసారి చూసి, ఆ రోజు మీటింగు ఏ గొంతుతో మొదలుపెట్టాలో తేల్చుకునేవారు. పచ్చ గడులు ఎక్కువుంటే అందరికీ టీలు వచ్చేవి. ఎర్ర గడులుంటే ఆ డాక్టర్లకి ఫోన్లు వెళ్లేవి.

ఆ రంగులకి కాపలాదారుని నేను. ఇరవై రెండేళ్లు ఆస్పత్రి లేబొరేటరీలో రక్తాలు చూసి చూసి, కళ్లు మసకబారే వేళకి నన్ను తెచ్చి కంప్యూటర్ సెక్షన్లో పడేశారు. పని పేరు డేటా క్వాలిటీ. పీహెచ్‌సీల నుంచి పోర్టల్లోకి వచ్చే అంకెలు సరిగ్గా ఉన్నాయో లేవో చూడ్డం. చూడ్డానికి నేనక్కర్లేదు నిజానికి, పోర్టలే చూసుకునేది. గడులన్నీ నిండాయా, గడువులోగా వచ్చాయా, మిగతా జిల్లాతో పోలి ఉన్నాయా? మూడూ కుదిరితే పచ్చ. కుదరకపోతే ఎరుపు. ఎర్రగా ఉన్నదాన్ని పచ్చగా చెయ్యడం వరకే నా వంతు.

ఓ నెల ఒకే ఒక్క గడి ఎర్రగా మిగిలింది. ఏజెన్సీకి దగ్గర్లో ఉన్న చిన్న పీహెచ్‌సీ అది. కారణం నొక్కితే "పుట్టిన పిల్లల బరువులు: జిల్లా సగటుకు విరుద్ధం" అని వచ్చింది. ఆ నెల అక్కడ పంతొమ్మిది కాన్పులు. అందులో ఆరుగురు పిల్లలు రెండున్నర కేజీల లోపు. మిగతా పీహెచ్‌సీల్లో అలాంటి పిల్లలు ఒకరో, అసలు లేకపోవడమో.

"ఆ సిస్టర్‌కి కాన్పులు చెయ్యడం వచ్చు గానీ ఎంట్రీలు రావు సార్" అన్నాడు మా ఆపరేటర్ కుర్రాడు. "ఫోన్ చేసి సరిచెయ్యమని చెప్పనా?"

"ఉండరా" అని ఆ బరువుల వరసని ప్రింటు తీయించాను. పక్కనే ఇంకో నాలుగు పీహెచ్‌సీలవి కూడా.

ఆ నాలుగూ ఇలా ఉన్నాయి: 2.5, 2.5, 3.0, 2.5, 2.8, 2.5, 3.0, 2.5. ఎర్ర గడిది ఇలా ఉంది: 2.31, 2.87, 1.94, 3.12, 2.46, 2.58.

ఎన్నాళ్లకో సొంతూరి మనిషి కనబడినట్టయింది నాకు.

ఎందుకో చెప్పాలంటే లేబొరేటరీకి వెళ్లాలి. పొద్దున్నే రోగుల రక్తం పెట్టేముందు మేం కంట్రోల్ అని ఒక శాంపిల్ పెడతాం. దాంట్లో షుగరెంతో, యూరియా ఎంతో మాకు ముందే తెలుసు. మిషను ఆ అంకె దగ్గరదగ్గరలో చూపిస్తేనే మిగతా శాంపిళ్ల జోలికి పోవాలి. ఆ అంకెని రోజూ గ్రాఫు మీద చుక్కగా పెడతాం. 1950లో అమెరికాలో లీవీ, జెన్నింగ్స్ అనే ఇద్దరు మొదలుపెట్టిన పద్ధతి ఇది. 1981లో వెస్ట్‌గార్డ్ అనే ఆయన దానికి సూత్రాలు కట్టాడు. మధ్య గీతకి ఒకే పక్కన వరసగా పది చుక్కలు పడితే ఆగమంటాడాయన. ఎంత దగ్గరగా పడినా సరే, ఆగి చూడమంటాడు. చుక్కలు గీతకి అటూ ఇటూ ఊగుతున్నాయంటే మిషను బతికున్నట్టు. రోజూ ఒకే చోట పడుతున్నాయంటే మిషనన్నా చచ్చి ఉండాలి, టెక్నీషియనన్నా మిషను దగ్గరికి పోకుండా రాసి ఉండాలి. కుర్రతనంలో ఆ రెండో పని నేనూ చేశాను. మా చీఫ్ గ్రాఫు చూసి "ఏరా, చుక్కలు పెట్టావా, గీత గీశావా?" అన్నాడు. ఆ మాటకి ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఇక ఈ రెండున్నర కేజీల గొడవ. వందేళ్ల కిందట ఆర్వో ఇల్పో అనే ఫిన్లాండ్ పిల్లల డాక్టరు, నెలలు నిండని పిల్లల్ని గుర్తుపట్టడానికి 2500 గ్రాముల దగ్గర గీత గీశాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ గీతనే పట్టుకుంది. మొదట్లో "2500 గ్రాములు, అంతకు తక్కువ" ఉంటే తక్కువ బరువు అనేవారు. 1976లో దాన్ని "2500 కంటే తక్కువ" అని మార్చారు. మాటల్లో చూస్తే పిసరంత తేడా. కానీ అప్పటిదాకా గీతకి కింద ఉన్న 2500 ఆ రోజు నుంచి గీతకి పైన కూచుంది. సరిగ్గా రెండున్నర కేజీలున్న బిడ్డ ఇప్పుడు మామూలు బిడ్డ. తూచకుండా రాసేవాడికి ఇంతకంటే భద్రమైన అంకె ఇంకోటి లేదు. అబద్ధంలా కనబడదు, ఎవరూ ప్రశ్నించరు.

మా పోర్టలు ఆ భద్రతని ఇంకాస్త పెంచింది. 2.4 అని కొట్టారా, తెర మీద ఎర్ర పెట్టె తెరుచుకుంటుంది. తల్లి హిమోగ్లోబిన్ ఎంత, ఎన్నో కాన్పు, ఐరన్ మాత్రలు ఎన్ని మింగింది, ఎందుకు తక్కువ పుట్టాడు, ఎక్కడికి పంపారు, ఎవరి బాధ్యత? మొత్తం పదకొండు గడులు, ఒక్కటి వదిలినా సేవ్ అవదు. రాత్రి రెండింటికి కాన్పు చేసి, మాయ తీసి, కుట్లేసి, చేతులు కడుక్కుని వచ్చిన మనిషి ముందు ఈ పదకొండు గడులూ నిలబడతాయి. 2.5 అని కొడితే ఏమీ తెరుచుకోదు. ఇంటికెళ్లి పడుకోవచ్చు.

అన్నీ తెలిసి కూడా 1.94 అని కొట్టిన ఆ మనిషెవరో చూడాలనిపించింది.

వెళ్లాక తెలిసింది, ఆమెని నేను అంతకుముందే చూశానని. ఆరు నెలల కిందట మేం పెట్టిన ట్రైనింగులో వెనక వరసలో కూర్చున్న స్టాఫ్ నర్సు. ఆ ట్రైనింగుల్లో నేను చెప్పే ముఖ్యమైన కథ థెరాక్-25ది. రేడియేషన్ ఇచ్చే మిషను అది, కంప్యూటర్‌తో నడిచేది. 1985 నుంచి 87 దాకా అమెరికా, కెనడాల్లో ఆరుగురికి ఇవ్వాల్సిన దానికి ఎన్నో రెట్లు రేడియేషన్ కొట్టింది. టెక్సస్‌లోని టైలర్ అనే ఊళ్లో 1986లో ఆపరేటరమ్మ ఒక అక్షరం తప్పు కొట్టి, వెంటనే దిద్దుకుంది. ఆ దిద్దుబాటు వేగాన్ని లోపలున్న ప్రోగ్రాం అందుకోలేకపోయింది. తెర మీద "మాల్‌ఫంక్షన్ 54" అని వచ్చింది. అంటే ఏమిటో చెప్పే దిక్కు లేదు. రోజూ అలాంటివి ఎన్నో వస్తూనే ఉంటాయి కాబట్టి, కొనసాగించడానికి అలవాటు ప్రకారం "పీ" నొక్కింది. లోపల పడుకున్న మనిషికి రెండోసారి తగిలింది. కొన్ని నెలలకి ఆయన పోయాడు. "కాబట్టి అమ్మా, అయ్యా, అర్థం కాకుండా ఏ బటనూ నొక్కకండి" అని ముగించేవాణ్ని. హాలంతా నిశ్శబ్దంగా ఉండేది. ఆ నిశ్శబ్దం అంటే నాకు కొంచెం ఇష్టం కూడాను.

ఆ రోజు మాత్రం వెనక వరసలోంచి ఓ గొంతు లేచింది. "సార్, ఆ మిషను ఏదో తేడా ఉందనన్నా చెప్పింది. తప్పు కొడితే పచ్చగా, నిజం కొడితే ఎర్రగా చూపించే మిషనైతే ఏ బటన్ నొక్కాలి సార్?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, టీ టైమైందన్నాను.

ఆ గొంతే ఇప్పుడు "రండి సార్" అంది. కాన్పుల గదిలో అప్పుడే ఒక పిల్ల పుట్టి పది నిమిషాలైంది. "ఒక్క నిమిషం కూర్చోండి, బరువు చూసి వస్తాను" అని కాటా మీద ఉతికిన గుడ్డ పరిచింది. గుడ్డ బరువు పోవడానికి సున్నా నొక్కింది. పిల్లని పడుకోబెట్టింది. పిల్ల కాళ్లు తంతోంది, అంకె గెంతుతోంది. 2.28, 2.36, 2.31. ఒక చెయ్యి పిల్లకి తగలకుండా పైన గొడుగులా పట్టుకుని నిలబడింది. తొందరేం లేదు. పిల్ల ఓ క్షణం గుక్క ఆపింది. 2.32. వెంటనే అరచేతి మీద పెన్నుతో రాసుకుంది. పిల్లని తీసి తల్లి గుండెల మీద బోర్లా పడుకోబెట్టి, పైన చీర కొంగు కప్పి, "ఇట్టాగే పట్టుకో తల్లీ, వేడి పోకూడదు" అంది. ఆ తర్వాతే కంప్యూటర్ వైపు వెళ్లింది. ఎర్ర పెట్టె తెరుచుకుంది. పదకొండు గడులూ నింపింది.

కాటా పక్కన ఇనప తూకపు రాయి ఉంది. కిరాణా కొట్లో ఉండే కేజీ రాయి.

"ఇదెందుకమ్మా?"

సిగ్గుపడింది. "మా తమ్ముడి కొట్లోది సార్. పొద్దున్నే రాగానే ఒకసారి కాటా మీద పెట్టి చూసుకుంటాను. కేజీ చూపిస్తే ఆ రోజుకి నమ్ముతాను."

సొరుగులోంచి ఓ నోట్‌బుక్ తీసింది. తారీకు, రాయి బరువు. 1.00, 1.00, 1.01, 0.99, 1.00. మూడేళ్లవి. మధ్యలో ఓ చోట 1.06 ఉంది, పక్కన "బ్యాటరీ మార్చాను" అని రాసి ఉంది. లీవీ ఎవరో, జెన్నింగ్స్ ఎవరో, వెస్ట్‌గార్డ్ ఎవరో ఆమెకి తెలియదు. ఆ ముగ్గురూ వచ్చి చూసినా ఆ నోట్‌బుక్కులో వేలు పెట్టడానికి ఏమీ ఉండదు. రాయి అడుగున తూనికలు కొలతల వాళ్ల ముద్ర కూడా ఉంది. కందిపప్పు తూచే రాయికి ముద్ర ఉంది. పిల్లల్ని తూచే కాటాలకి ముద్రలు వేసేవాణ్ని నేనైతే మా జిల్లాలో చూడలేదు.

తిరిగి వచ్చేదారిలో ఇంకో మూడు పీహెచ్‌సీల్లో ఆగాను, చెప్పకుండా. మొదటి చోట కాటా అట్టపెట్టెలోనే ఉంది, థర్మోకోల్ కూడా తియ్యలేదు. రెండోచోట బ్యాటరీలు లేవు, ఎవరో గోడ గడియారానికి వేశారు. మూడోచోట కాటా మీద టీ ఫ్లాస్కు ఉంది. మూడూ గోడ మీద పచ్చగా ఉన్న గడులే.

ఆ రాత్రి కూర్చుని నాలుగు పేజీల రిపోర్టు రాశాను. ఆ గడి ఎరుపు అబద్ధం, ఆ ఒక్క గడిలోని అంకెలే నిజం, మిగతా జిల్లాలో తక్కువ బరువు పిల్లలు పుట్టడం లేదనుకోవడం మన భ్రమ, వాళ్లు పుడుతున్నారు, మనకి కనబడకుండా ఇళ్లకి వెళ్లిపోతున్నారు అని. ఆమె నోట్‌బుక్ పేజీని జిరాక్సు తీసి జతచేశాను. ప్రతి పీహెచ్‌సీకి ఒక కేజీ రాయి కొనాలని సిఫార్సు కూడా చేశాను. అప్పటి ధరలో ఒక్కోటి ఓ భోజనం ఖరీదు ఉంటుందేమో.

పెద్దసారు చదివారు. మొత్తం చదివారని ఇప్పటికీ నమ్ముతాను. "చాలా బాగా రాశారండీ. ఫైల్లో పెట్టండి. పోర్టల్లో మాత్రం ఆ ఎర్ర గడి ఇవాళ క్లోజ్ చేసెయ్యండి, పైనుంచి అడుగుతున్నారు" అన్నారు.

క్లోజ్ చెయ్యాలంటే కారణం ఎంచుకోవాలి. నాలుగే ఉన్నాయి. సిబ్బంది నిర్లక్ష్యం, ఎంట్రీ పొరపాటు, పరికరం లోపం, ఇతరములు. "బరువు సరిగ్గానే ఉంది" అన్నది లేదు. ఇతరములు నొక్కితే పైఆఫీసు ఆమోదం కావాలంటుంది. దానికి వారం పడుతుంది, ఆ వారమంతా గడి ఎర్రగానే ఉంటుంది. మొదటి రెండిట్లో ఏది నొక్కినా ఆమెకి మెమో వెళ్తుంది. ఎటూ ఆలోచించి, మనిషి మీదికి రాకుండా ఉండేది చూసి నొక్కాను. గడి పచ్చబడింది. హాయిగా ఇంటికెళ్లి పడుకున్నాను.

నెలన్నర తర్వాత అనుకుంటా, మీటింగు రోజున టీవీ చూస్తే ఆ పీహెచ్‌సీ పచ్చగా ఉంది. ముందు సంతోషమేసింది. ఐరన్ మాత్రలు అందుతున్నాయేమో, తల్లులు పుంజుకున్నారేమో అనుకున్నాను. ఎందుకైనా మంచిదని బరువుల వరస తెరిచాను.

2.5, 2.5, 3.0, 2.5, 2.5, 2.8, 2.5.

ఒళ్లు మండిపోయింది. ఎవరి కోసం నాలుగు పేజీలు రాశానో, ఎవరి నోట్‌బుక్‌ని ఫైల్లో పెట్టి మరీ చూపించానో, ఆ మనిషే ఇలా చేస్తుందా! అక్కడే నిలబడి ఫోన్ చేశాను.

"ఏమ్మా, మీరు కూడానా?"

అవతల కాసేపు ఏమీ వినబడలేదు. ఎక్కడో పసిపిల్ల ఏడుస్తోంది.

"బరువు వెయ్యకపోతే ఎంట్రీ సేవ్ అవదు సార్. ఎంట్రీ పడకపోతే తల్లికి రావాల్సిన డబ్బు పడదు" అంది నెమ్మదిగా.

"అయితే తూచి వెయ్యొచ్చుగా! కాటా ఏమైంది?"

"మీరొచ్చి వెళ్లిన రెండు రోజులకే రిపేరుకని పట్టుకుపోయారు సార్. వద్దన్నాను. రాయి పెట్టి చూపించాను కూడా. పోర్టల్లో పరికరం లోపం అని పడిందట, తీసుకెళ్లక తప్పదన్నారు. నొక్కింది మీరే అని చెప్పారు."

నేనేమీ మాట్లాడలేదు.

"కాటా లేదు గానీ, రాయి మాత్రం టేబుల్ మీదే ఉంది సార్" అంది ఆమె.

మీటింగు మొదలైంది. ఆ నెల గోడ మీద ఒక్క ఎర్ర గడి కూడా లేదు. పెద్దసారు అందరికీ టీ చెప్పారు, నాకు రెండు బిస్కెట్లు ఎక్కువ పెట్టించారు.